నరసక్క చేతి విలువ

పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వానలా ఉంటుందని చిలకలమిట్టలో అందరూ అంటారు. నరసక్క మాత్రం ఒప్పుకోదు. "వానేంది? పెండ్లిలో బంతికి కూసున్నోళ్ళు మాటామంతీ లేకుండా తింటాంటే ఎట్లుంటాదో అట్లుంటాది. చెవి పెట్టి ఇను," అనేది మనవరాలు జలజతో.

ఆ ఊళ్ళో పురుగుల్ని పురుగులనరు, చుట్టాలంటారు. గుడ్లు పగిలిన నాటి నుంచి గూళ్ళు కట్టేదాకా నాలుగు వారాలు ఇంట్లో చుట్టాలున్నట్టే. కాళ్ళు కడుక్కుని షెడ్డులోకి పోవాలి. బీడీ తాగి పోకూడదు. తలకు వాసన నూనె రాసుకుని పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాటికి జబ్బు చేసిందని నోటితో అనకూడదు. ఇంటికొచ్చిన చుట్టం ఎదురుగా కూర్చుని, నువ్వు బతకవేమో అని ఎవరైనా అంటారా?

ఐదేళ్ళప్పుడు జలజ ఒకసారి అన్నది. తట్ట అంచున ఉబ్బిపోయి పాకుతున్న పురుగును చూపించి, "అవ్వా, దీనికి రోగమొచ్చిందా?" అని గట్టిగా అడిగింది. వెంటనే నరసక్క చెయ్యి వచ్చి ఆ పిల్ల నోరు మూసింది. సున్నం వాసన వేసే గరుకు చెయ్యి. కొట్టలేదు, కసరలేదు. మూసి, కాసేపు అట్లాగే ఉంచింది. జలజ నెమ్మదైన పిల్లగా పెరగడానికి ఆ రోజే కారణమో, కాదో ఎవరూ చెప్పలేరు. పదిహేడేళ్ళు వచ్చాక కూడా ఏదైనా అనబోయే ముందు ఆమె పెదవుల మీద ఆ సున్నం వాసన తగిలేది.

జలజ తల్లి సుంకమ్మ నరసక్కకు ఒక్కతే కూతురు. జలజకు ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. తండ్రి హిందూపురంలో వేరే సంసారం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అవ్వకు మనవరాలు, మనవరాలికి అవ్వ. పొద్దున్నే ఆకు కోసుకొచ్చి మేత వేశాక నరసక్క గడపలో కూర్చుని జలజ తల దువ్వి జడ వేసేది. ఇంత పెద్ద పిల్ల తనే వేసుకోలేదా అని దారిన పోయేవాళ్ళు ఎవరైనా నవ్వితే, "నా చేతులు ఊరుకోవమ్మా, ఏం చేసేది?" అనేది.

ఆ చేతులకంటే ముక్కు గొప్పది. పురుగులకు చెడు తగలబోతుంటే నరసక్కకు ముందే తెలిసేది. ఆకు పులిసిన వాసన వస్తుందనేది. ఇంకెవరికీ ఆ వాసన తెలియదు. అందుకని ఏ షెడ్డులో మేత తగ్గినా వచ్చి ఆమెను పిలిచేవాళ్ళు. పిలవడానికీ ఒక పద్ధతి ఉంది. పక్క వీధి ముత్యాలప్ప గేటు దగ్గర నిలబడి, తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, ఎటో చూస్తూ అనేవాడు.

"నరసక్కత్తా, ఊరికే ఒగసారి వచ్చి ఆకు సూసిపో."

"మీ ఆకుకేమప్పా, బాగుంటాది."

"బాగుండాది లే. ఊరికే."

అంతే. సున్నం బుట్ట జలజ చేతికిచ్చి నరసక్క బయలుదేరేది. తట్టలన్నీ వాసన చూసి, చెడ్డవాటిని ఏరి సున్నంలో వేసి, తక్కినవాటి కింద పాత ఆకు ఎత్తేయించి, కొత్త ఆకు పరిపించి వచ్చేది. మర్నాడూ, ఆ మర్నాడూ జలజ ఒక్కతే పోయి సున్నం చల్లి వచ్చేది. అప్పటికి చాలా షెడ్లలో పురుగులు తేరుకుని మళ్ళీ బంతికి కూర్చునేవి. కొన్ని షెడ్లలో తేరుకునేవి కావు. నరసక్క అక్కడికి మర్నాడు పిల్లను పంపేది కాదు, తనే పోయేది. పోయిన పంటకు ఎవరూ ఆమెను ఒక్క మాట అనేవాళ్ళు కాదు.

డాక్టర్ సౌదామిని వచ్చేదాకా.

*

ఊరి బయట కొండ కింద కట్టిన పట్టు పరిశోధనా కేంద్రానికి ఆమె పెద్ద. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ చేతిలో సగం తాగిన టీ గ్లాసుతో తిరిగేది. ఆమె కనిపెట్టిన సంగతి వినడానికి చిన్నదే. ఒకే ఆకు, ఒకే వేడి, ఒకే తేమ ఉంచి, తట్ట మీద చెయ్యి ఉంచే మనిషిని మాత్రం మారిస్తే పురుగులు నమిలే వేగం మారుతోంది. ఒకరి చేతికి హెచ్చుతుంది, ఒకరి చేతికి తగ్గుతుంది. పురుగులకు మనుషులు తెలుస్తారు.

ఆ తేడాను వినడానికి ఆమె ఒక పెట్టె చేసింది. కొబ్బరికాయంత ఉంటుంది. షెడ్డు దూలానికి వేలాడదీస్తే కింద ఉన్న వేల పురుగుల నమలడాన్ని గంటగంటకూ విని దాచుకుంటుంది, పక్కనున్న చిన్న తెర మీద గీతగా చూపిస్తుంది. ఊరివాళ్ళు దానికి చెవిపెట్టె అని పేరు పెట్టారు. చిలకలమిట్టలోని నలభై ఒక్క షెడ్లకూ చెవిపెట్టెలు వచ్చాయి. పనిచేసేవాళ్ళందరికీ సన్నటి రాగి కడియాలిచ్చారు. ఎవరు ఎప్పుడు ఏ షెడ్డులో ఉన్నారో కడియం చెబుతుంది, పురుగులు ఎలా ఉన్నాయో పెట్టె చెబుతుంది, చివరికి ఎన్ని గూళ్ళు వచ్చాయో తూకం చెబుతుంది. మూడూ కలిపితే ఒక్కో మనిషి చేతికి ఒక అంకె వస్తుంది. అదే చేతి విలువ.

ఇంటర్ అయి ఇంట్లో ఉన్న జలజను రిజిస్టరు రాయడానికి పెట్టుకున్నారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని, పైగా కబుర్లు చెప్పదని సౌదామిని ముచ్చటపడింది. మొదటి రోజే ఆమెను లోపలికి తీసుకుపోయి, తట్ట మీద అరచెయ్యి చాపమంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పైకి లేచింది.

"చూశావా? నువ్వంటే ఇష్టమన్నమాట వాటికి."

జలజ సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. గీత దిగింది. మళ్ళీ చాపింది. మళ్ళీ లేచింది. తనను చూసి ఏదో ఒకటి సంతోషపడుతోందని అంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ ఆమెకు చూపించలేదు.

"ఇద్దరు ముగ్గురు కలిసి పోతారు గదా మేడమ్, ఎవరి చెయ్యి ఎంతో ఎట్ల తెలుస్తాది?" అని ఒక మధ్యాహ్నం అడిగింది. నెల రోజుల్లో ఆమె అడిగిన పెద్ద ప్రశ్న అదే.

సౌదామిని మూలనున్న ఆకు గంప చూపించింది. "దాన్ని నువ్వూ మీ అవ్వా చెరో పక్క పట్టుకుని మోశారనుకో. ఎవరు ఎంత బరువు మోశారో గంప చెప్పలేదు. కానీ కొన్ని రోజులు నువ్వు ఒక్కదానివే మోశావు, కొన్ని రోజులు ఆమె ఒక్కతే మోసింది. ఆ విడి రోజుల్ని చూసి కలిసిన రోజుల్ని విడదీస్తాం. దీన్నే రిగ్రెషన్ అంటారు. ఏవి కలిసి పెరుగుతున్నాయి, ఏవి కలిసి తగ్గుతున్నాయి, అందులో ఎవరి వాటా ఎంత అని తేల్చే లెక్క."

"గంట గంటకీ లెక్క వేస్తారా?"

"అన్ని షెడ్ల గంటలన్నీ వేస్తే మన మిషను మూలుగుతుంది. రోజంతటినీ ఒక్క అంకె చేసి వేస్తాం. చాలు."

రిజిస్టరులో నాలుగు గడులు. పేరు, వచ్చిన వేళ, పోయిన వేళ, వచ్చిన కారణం. కారణం గడి ఖాళీగా వదలొద్దని సౌదామిని గట్టిగా చెప్పింది. సాయంత్రాలు జలజ ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసేది. మేత వేయడానికి, తట్టలు మార్చడానికి, గూళ్ళు ఏరడానికి అని జనం చెప్పేవాళ్ళు. నరసక్క ఎందుకు వచ్చిందంటే అందరిదీ ఒకటే జవాబు.

"ఊరికే."

మొదటిసారి జలజ కలం ఆగింది. తనకు తెలుసు. సున్నం బుట్ట మోసింది తనే. గడిలో అసలు మాట రాయబోయింది. పెదవుల మీద సున్నం వాసన తగిలింది. 'ఊరికే' అని రాసి పేజీ తిప్పింది. రెండోసారి కలం ఆగలేదు.

రెండు మూడు నెలలయ్యాక సౌదామిని పేజీలు తిరగేస్తూ, "ఈ నరసక్క ఊళ్ళో అందరిళ్ళకూ ఊరికే తిరుగుతుందేమిటి?" అంది.

"మా అవ్వ," అంది జలజ తల వంచుకుని.

"ఓ! మంచిదేలే. పెద్దవాళ్ళకు కాలక్షేపం కావాలిగా," అని నవ్వి సౌదామిని టీ గ్లాసు వెతుక్కుంది.

జలజ అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గది తలుపు, ఆ గ్లాసు, ఆ నవ్వు గుర్తు తెచ్చుకుందో లెక్కలేదు.

*

పద్నాలుగు పంటల తర్వాత బడి వరండాలో మీటింగు పెట్టి జాబితా చూపించారు. తెర మీద నూట ఇరవై మూడు పేర్లు. పక్కన అంకెలు. ఆ చెయ్యి తగిలిన పంటలో వందకు ఎన్ని గూళ్ళు హెచ్చాయో, ఎన్ని తగ్గాయో ఆ అంకె చెబుతుంది. చాలామందికి సున్నాకు అటూ ఇటూ ఒకటీ అరా వచ్చాయి. ముత్యాలప్పకు ప్లస్ రెండు వస్తే, "సూడు, నా చెయ్యి! ఇంగ మీదట నాకు కాఫీ రెండు చేతులతో ఇయ్యల్ల," అని పెళ్ళాన్ని ఏడిపించాడు. అందరూ నవ్వారు.

అన్నిటికంటే పైన జలజ పేరుంది. ప్లస్ తొమ్మిది.

అన్నిటికంటే కింద నరసక్క పేరుంది. మైనస్ పదకొండు.

నవ్వులు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగాయి, తర్వాత వెనక వరసలో. నరసక్కకు చదువు రాదు. పక్కనున్నామెను, "నాది యాడుంది?" అని అడిగింది. ఆమె కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

సౌదామిని తొందరగా లేచి చెప్పింది. "ఎవరూ బాధపడొద్దు. ఇది మనిషి మంచితనం కాదు, చేతి వాసన. కొందరి ఒంట్లో ఉండే వాసన పురుగులకు పడదు, అంతే. పెద్దామె షెడ్లకు వెళ్ళకుండా ఉంటే సరిపోతుంది."

అది వినడానికి మంచి మాటలాగే ఉంది. పాత కాలంలో అయితే దానికి వేరే పేరు పెట్టేవాళ్ళు. రాళ్ళు కూడా వేసేవాళ్ళేమో. ఇప్పుడు చదువుకున్నామె మెత్తగా చెప్పింది కాబట్టి ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. మెత్తగానే లేచి వెళ్ళిపోయారు. ముత్యాలప్ప పెళ్ళాం ఒక్కతే పోతూ పోతూ, తనలో తాను అనుకున్నట్టు, "పోయినేడు మా పంట పోయినప్పుడు కూడా ఈమె వచ్చిపోయిండె," అంది.

ఇంటికి వచ్చాక నరసక్క నవ్వింది. "పదకొండంట! ఆ డబ్బాకేం తెలుసు? నేను పోకుంటే వందకు నూరూ పోతాండె." ఆ పూట బాగా తిన్నది కూడా.

కానీ వారం గడిచింది, ఎవరూ ఆకు చూసిపొమ్మని పిలవలేదు. రెండో వారం ఆమె తనంతట తనే ముత్యాలప్ప పక్కింటి ఓబుళప్ప షెడ్డు దాకా పోయింది. ఇంట్లో మనుషులుండీ తలుపు తీయలేదు. తిరిగొచ్చి గడపలో కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. మూడో వారం ఉన్నట్టుండి అడిగింది.

"పాపా, మీ యమ్మకు జరం వచ్చినప్పుడు తొమ్మిది దినాలు ఎవరు తాకిండిరి?"

జలజకు అర్థం కాలేదు. "నువ్వే గదా అవ్వా."

"నీళ్ళు పోసింది, ఒళ్ళు తుడిసింది, గంజి తాపింది?"

"నువ్వే."

"ఇంగెవరన్నా తాకిండిరా?"

నరసక్క తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. మర్నాటి నుంచి ఆమె రెండు చేతులకూ పాత చీర పేలికలు చుట్టుకుంది. అన్నం గరిటెతో పెట్టేది, కంచం తోసేది. పొద్దున్నే జలజ దువ్వెన తీసుకుని గడపలో కూర్చుంటే, "నువ్వే ఏసుకో. పెద్దదానివైతివి," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు జలజ జడ వంకరగా వచ్చింది. తర్వాత రోజులన్నీ అంతే.

*

ఇప్పుడు ఊరికి బంగారు చెయ్యి దొరికింది. షెడ్డుకు గుడ్లు రాగానే జలజను పిలిచేవాళ్ళు. తట్టల మీద చెయ్యి చాపించుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. "అవ్వ విద్య పోతే పోయె, మనవరాలి చెయ్యి దొరికె," అని ఆమెకు వినపడేటట్టే అనేవాళ్ళు. చెవిపెట్టె గీత నిజంగానే లేచేది. జలజకు ఆ గీతను చూడబుద్ధి కాలేదు.

వానలు ముసురుపట్టిన రోజుల్లో ముత్యాలప్ప వచ్చి జలజ వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాడు. తువ్వాలు భుజం మారింది.

"పాపా, ఊరికే ఒగసారి వచ్చి ఆకు సూసిపో."

లోపల మంచం మీద నరసక్క తల పైకెత్తింది, ఆ మాట ఆమెకు తెలుసు. లేవబోయి, పేలికలు చుట్టిన చేతులు చూసుకుని, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

జలజ పోయింది. తట్ట మీద తట్ట వంగి వాసన చూసింది. ఆకు వాసన, తడి గోడ వాసన, తన సొంత భయం వాసన. ఇంకేమీ తెలియలేదు. ఏ పురుగును తీయాలో, దేన్ని ఉంచాలో తెలియలేదు. చెయ్యి చాపింది. గీత కొంచెం లేచి, ఆగి, కిందికి దిగింది. అంచుల మీద రెండు పాకుతుంటే ఏరింది. లోపలున్నవి ఆమెకు కనపడలేదు. నాలుగో రోజుకు ఆ షెడ్డులో బంతి భోజనం చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తర్వాత ఓబుళప్ప షెడ్డు. తర్వాత ఆ వీధి మొత్తం.

ఆ వీధిలో చివరి షెడ్డుకు పోయి వచ్చిన సాయంత్రం రిజిస్టరులో తన పేరు తనే రాసుకుంది. వచ్చిన వేళ. పోయిన వేళ. కారణం గడిలో చెయ్యి తన పాటికి తను 'ఊరికే' అని రాసేసింది.

రాసిన మాట వైపు చూసింది. నేను ఊరికే పోలేదు. పిలిస్తే పోయాను. చెడిపోతున్నాయని పిలిస్తే పోయాను. నేను పోయినందుకు చెడిపోలేదు.

అదే మాట వెనక పేజీల్లో, అవ్వ పేరు పక్కన, రెండొందల పన్నెండు సార్లు ఉంది. జబ్బు రావడం ముందు, అవ్వ రావడం తర్వాత. రోజంతా ఒక్క అంకె అయిపోతే ముందూ లేదు, వెనకా లేదు. జబ్బూ అవ్వా ఒకే రోజున కలిసి ఉన్నారు. ఇక జలజ ఒక్కతే పోయిన రోజులు, పురుగులు తేరుకున్న రోజులు. తేరుకోని ఇళ్ళకు అవ్వ ఆమెను పంపలేదు. గంపను అవ్వ మోసింది, మోసిన పేరు తనకు వచ్చింది. ఆ ప్లస్ తొమ్మిది ఎవరి చేతిలోంచి తీసి తన చేతిలో పెట్టారో జలజకు అప్పుడు తెలిసింది.

*

ముసురులోనే నడుచుకుంటూ కేంద్రానికి పోయింది. తప్పులు దొర్లుతున్నా, మొదటిసారిగా ఒక మనిషి ముందు పది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. సౌదామిని టీ గ్లాసు కింద పెట్టింది.

"మరి కారణం గడిలో ఇన్నాళ్ళూ అబద్ధం ఎందుకు రాశావు?"

"అబద్ధం కాదు మేడమ్. మా ఊళ్ళో అట్లనే అంటారు."

"నన్ను ఒక్క ముక్క అడగాల్సింది."

"మీరు అడిగినారు. కాలక్షేపమా అని. నేను చెప్పేలోపల నవ్వినారు."

సౌదామిని చెడ్డ మనిషి కాదు. "సరే. అందరిళ్ళకూ వెళ్ళి అసలు కారణం రాయించుకురా. మళ్ళీ లెక్క వేస్తాను," అంది.

జలజ నలభై ఇళ్ళ గడపలు ఎక్కింది. ఎవరూ రాయించలేదు. ముత్యాలప్ప ఖాళీ తట్టల మధ్య బోర్లించిన గంప మీద కూర్చున్నాడు.

"మా షెడ్డులో ఫలానా వచ్చిందని నా నోటితో చెప్పల్నా? కాగితం మీద ఎక్కించల్నా? నీకేమైనా పిచ్చా పాపా? పోయిండేది పోయింది. రేపు తెచ్చుకునే చుట్టాలకి కూడా తగిలించమంటావా?"

"మా అవ్వ పేరు పోయింది గదా మామా."

అతను తల వంచుకున్నాడు. "మీ అవ్వ అంటే నాకు గౌరవమే. కానీ చెప్పను."

చివరికి ఆధారం మనుషుల దగ్గర కాదు, చెవిపెట్టెల దగ్గరే దొరికింది. గంటగంటకూ విన్నది అవి పారేయలేదు. సౌదామిని రోజుల్ని మళ్ళీ గంటలుగా విడదీసింది. మిషను తొమ్మిది రోజులు మూలిగింది. పదో రోజు తెర మీద నరసక్క వచ్చిన రెండొందల పన్నెండు సార్లూ ఒక దాని మీద ఒకటి పరిచి చూసుకుంది. ప్రతిసారీ గీత ఆమె రాకముందే పడిపోయి ఉంది. ఆమె వచ్చి పోయిన ఒకటి రెండు రోజులకు చాలా చోట్ల మళ్ళీ లేచింది. నరసక్క చేతి విలువ ప్లస్ పదమూడు అయింది. జలజది సున్నాకు కొంచెం పైన నిలిచింది.

"సహసంబంధం చూసి, అంటే రెండూ కలిసి కనపడ్డాయని, ఒకటి రెండోదానికి కారణం అనుకున్నాను," అంది సౌదామిని. క్లాసులో పిల్లలకు మొదటి రోజున చెప్పే పాఠం అది.

కొత్త జాబితా కోసం బడి వరండాలో మీటింగు పెడితే ఏడుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు.

*

సౌదామిని స్వయంగా ఇంటికి వచ్చింది. నరసక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తప్పు తనదేనని చెప్పింది. నరసక్క శ్రద్ధగా వింది. ఒంట్లో కండ తగ్గి, చేతుల పేలికలు వదులై జారిపోతున్నాయి.

"అయితే నా చెయ్యి చెడ్డది కాదంటావు."

"ఊళ్ళో అందరికంటే మంచిదమ్మా. పదమూడు."

నరసక్క జారిన పేలికను మళ్ళీ చుట్టుకుంది. "అయితే ఈ నాలుగు నెలలు నేను పోకపోబట్టే ఆ చుట్టాలన్నీ..." అని ఆగిపోయింది. ఆ మాట ఆమె అప్పుడు కూడా అనలేదు. "ఓబుళప్పవి. ముత్యాలప్పవి. ఆ వీధి అంతా. తలుపు తీయలేదని వాపసు వస్తిని. ఇంగ రెండుమార్లు కొట్టింటే తీస్తాండ్రేమో."

"అలా అనుకోకండి," అంది సౌదామిని. కానీ ఆ లెక్క తప్పని ఆమె చెప్పలేకపోయింది. తనే వేసిన లెక్క.

ఆమె వెళ్ళిపోయాక జలజ అవ్వ పక్కన కూర్చుంది. పేలిక ముడి మీద వేలు పెట్టి, "ఇంగ తీసేద్దామవ్వా," అంది.

నరసక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆ డబ్బాకి మీ యమ్మ సంగతి తెలుసునా?"

"తెలీదు."

"అప్పుడు మనింట్లో డబ్బా లేదు గదా. గంటగంటకీ ఇన్నోళ్ళు ఎవరూ లేరు. జరం ముందా, నేను ముందా, ఎవరు చెప్తారు?"

జలజ చెప్పాలనుకుంది. జ్వరం వచ్చిందనే నువ్వు తాకావు, నువ్వు తాకావని జ్వరం రాలేదు. అంత సులువైన మాట. ఎన్నిసార్లో చెప్పింది కూడా. కానీ నరసక్క ఆ తొమ్మిది రోజుల్నీ ఒక్క అంకె చేసి లోపల పెట్టుకుంది. దాన్ని మళ్ళీ గంటలుగా విడదీసే మిషను ఎక్కడా లేదు.

అంతలో గేటు చప్పుడైంది. ముత్యాలప్ప. మళ్ళీ గుడ్లు తెచ్చి పదిహేను రోజులైంది. తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది. చూపు ఎటో ఉంది.

"నరసక్కత్తా. ఊరికే ఒగసారి వచ్చి ఆకు సూసిపో."

నాలుగు నెలల తర్వాత ఆ పిలుపు. నరసక్క మెల్లగా లేచి గడప దాకా వచ్చింది. ముక్కు కొంచెం పైకెత్తింది, ఇక్కడి నుంచే ఆ వాసన అందుతుందేమో అన్నట్టు. కాలు బయట పెట్టబోయి ఆగింది.

"ఏంటికప్పా?" అంది.

ముత్యాలప్ప తెల్లబోయాడు. అరవై ఏళ్ళలో ఆమె ఎవరినీ అలా అడగలేదు. "ఏంటికంటే... ఊరికే అత్తా."

"ఊరికే వస్తే ఏం రాస్తారో ఎరికైంది గదా. ఏంటికో చెప్పు, వస్తా."

ఇంటి దగ్గర అతని చుట్టాలు ఒక్కొక్కటే తల వాల్చేస్తున్నాయి. అది అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, అవ్వ వెనకే వచ్చి నిలబడ్డ జలజకు తెలుసు. తువ్వాలు రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు.

"చెప్పు మామా!" జలజ అరిచింది. ఆ గొంతు తనదేనా అని తనకే అనిపించింది. "రోగమొచ్చిందని చెప్పు! మీ పురుగులకు రోగమొచ్చిందని, మా అవ్వ వస్తే బాగవుతాయని చెప్పు!"

వీధిలో రెండు తలుపులు మూసుకున్నాయి. ముత్యాలప్ప రెండు చెవులూ మూసుకుని, వెనక్కి వెనక్కి నడిచి, గేటు దాటాక తిరిగి చూడకుండా పోయాడు. పోతూ పోతూ అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది. "ఆ మాట అన్న నోరు ఇంగ మా గడప తొక్కకూడదు."

నరసక్క మనవరాలి వైపు తిరిగింది. కోపం లేదు. భయం ఉంది. "అనకూడదు పాపా," అంది చాలా మెల్లగా. ఎన్నో ఏళ్ళ కిందటి అలవాటు ఆమె చేతిని పైకి లేపింది, జలజ నోరు మూయడానికి.

చెయ్యి సగం దాకా వచ్చింది. పేలిక కొస గాలికి ఊగింది. జలజ కదలకుండా నిలబడింది. పెదవులు మూసుకుని, కళ్ళు మూసుకుని, ఆ సున్నం వాసన కోసం ఎదురుచూసింది.

చెయ్యి అక్కడే ఆగి, కిందికి దిగిపోయింది.